ఏ వానకా సామెత

రండి, రండి. గొడుగు ఆ మూల పెట్టేయండి, నీళ్ళు కారితే కారనివ్వండి. మొన్నటిదాకా రోహిణి ఎండల్ని తిట్టుకుంటూ మజ్జిగ తాగాం కదా, ఇప్పుడు తొలకరి చినుకుల్ని మెచ్చుకుంటూ అల్లం టీ తాగుదాం. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే దాన్నీ తిట్టుకుంటాం, అది వేరే సంగతి. ఈ రోజుల్లో ఏ అరుగు మీద చూసినా, ఏ లిఫ్టులో ఎక్కినా సామెతల జోరే. వానొస్తే ఒకటి, రాకపోతే ఒకటి. పైగా మన పెద్దలకి ముందుచూపు ఎక్కువ. ఏ సామెతనీ ఒంటరిగా వదల్లేదు, ప్రతిదానికీ ఎదురు సామెత ఒకటి చేసిపెట్టి పోయారు.

వాన సంగతే చూడండి. "వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు" అని వీధరుగు మీద పెద్దాయన ఆకాశం వంక చూసి ఒక నిట్టూర్పు విడుస్తారు. సరే, ఎవరికీ తెలియదు గదా అని మనం లేవబోతే, కూర్చోమని కార్తెల చిట్టా విప్పుతారు. రోహిణిలో రోళ్ళు పగిలితే మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయట. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదట. మఖ, పుబ్బ వరపైతే కరువు తప్పదట. ఇక "ఉత్తర చూసి ఎత్తర గంప" అంటే, అప్పటికీ చినుకు లేకపోతే తట్టాబుట్టా సర్దుకుని ఊరు వదలమని. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13, 14 రోజులు ఉంటాడు కాబట్టి ఏడాదికి 27 కార్తెలు. జూన్ మొదటి వారం దాటగానే మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర, అలా అక్టోబరులో చిత్త, స్వాతి దాకా వరస. వాన ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదంటూనే, ఫలానా పక్షంలో రాకపోతే ఏమవుతుందో పట్టిక వేసి పెట్టిన ఘనులం మనం.

ఆ పెద్దాయన మనవడు సెల్లు తీసి, "సాయంత్రం 4 గంటలకి వాన పడే అవకాశం 60 శాతం తాతా" అంటాడు. అంటే ఏమిట్రా అంటే, పడొచ్చు, పడకపోవచ్చు అని. రాకడ ఎవరికి తెలుసన్న మాటే, కాకపోతే అంకెలేసి చెబుతోంది. తాతగారికి మాత్రం చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కితేనూ, తూనీగలు తల ఎత్తున తిరిగితేనూ తప్ప నమ్మకం కుదరదు. ఇద్దరిలో ఎవరి మాట నెగ్గినా బట్టలు తీయడానికి డాబా మీదికి పరుగెత్తేది ఇంటావిడే.

ఇక పొలం గట్టు దాకా వెళ్ళొద్దాం. అక్కడ సామెతలకి డబ్బుతో లంకె ఉంది. పత్తి వేసే ఊళ్ళలో మొదటి జల్లు పడగానే రైతులు రెండు జట్లయిపోతారు. అదను తప్పితే మొదటికే మోసం అని పొడి దుక్కిలోనే గింజ పెట్టేసేవాళ్ళు ఒక జట్టు. "పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలు" అని ప్యాకెట్లు దూలానికి కట్టి కూర్చునేవాళ్ళు రెండో జట్టు. నేల 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన తాగాకే విత్తమని వ్యవసాయాధికారులు ఏటా చెబుతూనే ఉంటారు. చేలో నిలబడ్డ రైతు దగ్గర మిల్లీమీటర్ల గొట్టం ఎక్కడిది? మునివేళ్ళతో జానెడు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కుతాడు. ముద్ద కట్టాలి, కింద పడేస్తే మళ్ళీ పొడిపొడిగా విడిపోవాలి. అది పదును. ముద్ద కట్టకపోతే తడి చాలలేదు, పడేసినా విడిపోకపోతే నాగలి దిగదు.

అంత చూసుకుని విత్తినా వాన ముఖం చాటేసిందంటే మొలక మాడిపోతుంది, మళ్ళీ విత్తనాల దుకాణానికి నడవాలి. అప్పుడు ఊరంతా ఒకటే మాట: "మబ్బుల్లో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నాడు." అదే గింజకి మర్నాడే జల్లు పడిందనుకోండి, "ధైర్యే సాహసే లక్ష్మీ" అంటారు. చేను అదే, మనిషి అదే, గింజ అదే. ఎవరి చేను పచ్చబడితే వాళ్ళ సామెతే ఆ ఏడాదికి వ్యవసాయశాస్త్రం. సామెతను మనం న్యాయమూర్తిని చేశామనుకుంటాం గానీ, నిజానికి అది ఫీజు అడగని వకీలు. ఎవరు ముందు పిలిస్తే వాళ్ళ తరఫున నల్లకోటు తొడుక్కుని నిలబడుతుంది.

అన్నట్టు, వీటన్నిటినీ పోగుచేసిన మొదటివాళ్ళలో ఒక దొర ఉన్నాడు, విన్నారో లేదో. మద్రాసు సైన్యంలో కెప్టెన్. "ఆంధ్ర లోకోక్తి చంద్రిక" అని పేరు పెట్టి, ఇంగ్లీషు అర్థాలు రాసి, కొన్ని సంస్కృత లోకోక్తులు కూడా చేర్చి 1868లో మద్రాసులో అచ్చు వేయించాడు. సిపాయిల్ని పరుగు పెట్టించే కొలువులో ఉండి, నిలబడి నీళ్ళు తాగడం మేలనే జాతి మాటలు ఏరుకుంటూ కూర్చోవడమే పెద్ద తమాషా.

ఇక బళ్ళు తెరిచేశారు. జూన్ 12 అటూ ఇటూగా రెండు రాష్ట్రాల్లోనూ వీధులన్నీ యూనిఫారాలే. పుస్తకాలకి అట్టలు వేయడంలో తండ్రులు, టిఫిన్ డబ్బా మూతలు వెతకడంలో తల్లులు తలమునకలుగా ఉన్నారు. ఇలాంటప్పుడే ప్రతి ఇంటికీ ఒక బాబాయి దిగుతాడు. పొద్దున్నే నిద్ర లేవని కుర్రాణ్ణి చూసి "విద్య లేనివాడు వింత పశువురా" అని హితబోధ చేస్తాడు. సాయంత్రం అదే కుర్రాడు, "బాబాయ్, ఆ మెసేజ్ అబద్ధం, అందరికీ పంపకు" అని చెప్పాడనుకోండి, "చదవేస్తే ఉన్న మతి పోయిందట" అని వాళ్ళ నాన్నతో అంటాడు. పొద్దుటికీ సాయంత్రానికీ మధ్య కుర్రాడు చదివింది ఒక్క పేజీ. అంతలోనే పశువు కాకుండానూ పోయాడు, మతి లేకుండానూ పోయాడు.

ఫీజు రసీదు చేతికొచ్చాక ఆ నాన్నకి ఇంకో సామెత గుర్తుకొస్తుంది, "కోటి విద్యలూ కూటి కొరకే" అని. కూటి డబ్బులన్నీ ఒక్క విద్యకే పోతున్నాయని ఆయన గోడు. "మొక్కై వంగనిది మానై వంగునా" అని టీచర్లు అంటారు గానీ, పుస్తకాల సంచి కింద మన మొక్కలు ఇప్పటికే కావలసినంత వంగాయి.

మీ ఆవకాయ ఎలా కుదిరింది? జాడీలు వాసెన కట్టి అటకెక్కించేసి ఉంటారు. ఈ విషయంలో ఒక్క ఇంట్లోనే రెండు సంస్కృత వాక్యాలు పోట్లాడుకుంటాయి. డాక్టరుగారి చీటీ చేతిలో పట్టుకున్న అయ్యగారు "అతి సర్వత్ర వర్జయేత్" అంటారు. పప్పునూనె గిన్నె చేతిలో పట్టుకున్న అమ్మగారు "అధికస్య అధికం ఫలం" అంటూ మరో గరిటె వంచుతారు. ఆవిడ మాట కొట్టేయడానికి లేదు. ముక్క మీద వేలెడు నూనె తేలకపోతే వానాకాలంలో బూజు పట్టేస్తుంది మరి. వేడి అన్నంలో ముద్దపప్పు, దాని మీద ఎర్రగా ఒక ముక్క, పక్కన చెంచాడు నెయ్యి. అయ్యగారు కూడా భోజనం ముందు ఒక వాక్యం వైపు, భోజనం చేస్తూ రెండో వాక్యం వైపు. బీపీ మాత్రలు మాత్రం రెండు పక్షాలకీ సమానంగా సేవ చేస్తున్నాయి.

చిన్న గిన్నెలో ఆవకాయ పెట్టి ఇరుగుపొరుగులకి పంపడం ఇంకా మానలేదు మనవాళ్ళు, సంతోషం. పక్కింటి గిన్నె రాగానే ఇంటిల్లిపాదీ చుట్టూ మూగి "అబ్బ, ఆవపిండి ఘాటు చూడండి" అని లొట్టలేస్తారు. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు. మరి అదే ఇంట్లో, మన పిల్లాడు గీసిన బొమ్మలో ఏనుగుకి అయిదు కాళ్ళున్నా ఫ్రేము కట్టిస్తాం. కాకిపిల్ల కాకికి ముద్దు. కూరలైతే పక్కింటివి గొప్ప, పిల్లలైతే మన ఇంటివాళ్ళు గొప్ప. మొగుళ్ళ సంగతి ఏ ఖాతాలోకి వస్తుందో ఆడవాళ్ళనే అడగండి, నేను చెప్పను.

ఈ ఖాతాలోదే ఇంకో చిక్కు ఉంది. "ఇంట గెలిచి రచ్చ గెలువు" అన్నారు. బాగానే ఉంది. కానీ "పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అని కూడా వాళ్ళే అన్నారు. పెరట్లో ఉన్నవాడికి ఇంట్లో విలువ ఉండదట, ఇంట్లో విలువ తెచ్చుకున్నాకే బయటికి వెళ్ళాలట. ఇక ఆ పెరటి చెట్టు గెలిచేదెప్పుడు, రచ్చకెక్కేదెప్పుడు? మా వీధిలో ఒకాయన పంచాంగం చూసి ముహూర్తాలు పెడతారు. నాలుగు మండలాల వాళ్ళు కార్లేసుకుని వస్తారు. ఆయన కూతురి పెళ్ళికి మాత్రం ఇంట్లోవాళ్ళు పక్క ఊరి సిద్ధాంతిగారిని పిలిచారు.

ఇక సముద్రాల అవతల ఉన్న మన పిల్లల సంగతి. అక్కడి ఎండాకాలం సెలవులు కదా, అమ్మానాన్నల ప్రయాణాలు ముమ్మరంగా ఉన్నాయి. పెట్టెల్లో బట్టలకంటే పచ్చళ్ళ బరువే ఎక్కువ. డాలస్‌లో అబ్బాయి ఫోను చేసి "అక్కడ మట్టి వాసన వస్తోందా" అని బెంగగా అడుగుతాడు. ఇక్కడ తమ్ముడు మోకాలి లోతు మట్టిలో స్కూటర్ తోసుకుంటూ "వీసా సంగతి ఏమైంది" అని అడుగుతాడు. దూరపు కొండలు రెండు వైపుల నుంచీ నునుపే.

మోకాలి లోతు మట్టి అంటే మన వీధి గుర్తొచ్చింది. మొదటి గట్టి వానకే కాలవలు నిండి మూల మీద నీళ్ళు ఆగాయా లేదా? ఆగే ఉంటాయి. అక్కడో పది మంది చేరతారు. ఒకరు కర్ర పెట్టి పొడవమంటారు, ఒకరు అసలు గుంట అక్కడ లేదు ఇటు ఉందంటారు, ఒకరు ఫొటో తీస్తారు, ఒకరు ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టరు వంశచరిత్ర మొదలుపెడతారు. "ఒక చేత్తో చప్పట్లు మోగవు, తలో చెయ్యీ వేయండి" అని ఎవరో అంటారు గానీ, చేతులన్నీ గొడుగులు పట్టుకుని ఉంటాయి. అరగంటయినా నీళ్ళు కదలవు. పది మంది చేరితే పాము చావదు అన్నది అప్పుడు జ్ఞాపకం వస్తుంది. చివరికి కూరగాయల బండి ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపి, కాలితో తడిమి, అడ్డుపడ్డ ప్లాస్టిక్ సంచి ఒకటి లాగి పారేస్తుంది. గుడగుడమని నీళ్ళు పోతాయి. పది మందీ "చూశారా, కలసి ఉంటే కలదు సుఖం" అనుకుంటూ విడిపోతారు. ఆ పేరుతో 1961లో సినిమా కూడా వచ్చింది, గుర్తుందిగా? అందులోనూ కథ నడిచిందంతా కలహాల మీదే.

అన్నట్టు, ఆషాఢం కబుర్లు చెప్పనే లేదు. కొత్త కోడళ్ళు పుట్టిళ్ళకి చేరారు. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తారింట అడుగు పెట్టకూడదు. ఇటు చూస్తే చివరి విడత రసాలు, బంగినపల్లులు, సారెలో వచ్చిన కాజాలు అత్తగారింట్లో గుట్టగా పడి ఉంటాయి. "అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని" అన్నది ఈ నెల కోసమే పుట్టిందేమో. పూర్వం ఉత్తరం ముక్క కోసం వీధి గుమ్మంలో కాపు కాసేవారు. ఇప్పుడు కాపురం మొత్తం వీడియో కాల్‌లో నడుస్తోంది గనక, గడప దాటకూడదన్న నియమం సెల్లుకి కూడా వర్తిస్తుందా అని ఏ శాస్త్రిగారినీ ఎవరూ అడగడం లేదు. అడిగితే వర్తిస్తుందంటారేమోనని భయం.

గోరింటాకు రుబ్బడం మొదలైంది. కాస్త చింతపండు, కాస్త కాచు వేసి, రోటి చుట్టూ పిల్లలు అరచేతులు చాపి కూర్చుంటారు. పొద్దున్న కడుక్కుని వచ్చి చూపిస్తే అమ్మమ్మగారి తీర్పు. పెళ్ళి కావలసిన అమ్మాయి చెయ్యి ఎర్రగా పండితే "మంచి మొగుడొస్తాడే" అంటారు. పెళ్ళయిన అమ్మాయి చెయ్యి అంతే ఎర్రగా పండితే "ఒంట్లో వేడి చేసింది, మజ్జిగ తాగు" అంటారు. ఎరుపు ఒకటే. ఒకరికి మొగుడు, ఒకరికి మజ్జిగ. పండనివాళ్ళని చూసి ఆకు మంచిది కాదంటారు, మనసు నొప్పించడం ఎందుకని.

శుభకార్యాలు లేని నెల గదా, ఖర్చు తగ్గుతుందనుకుంటాం. అమ్మో! కొట్లు ఖాళీగా ఉంటాయని ఆషాఢం తగ్గింపులు పెడితే, తగ్గింపుల కోసం జనం విరగబడి, పెళ్ళిళ్ళ నెలకంటే ఎక్కువ రద్దీ. ఏమీ కొనకూడని నెలలో ఏడాది చీరలన్నీ కొనేశారు. "అడగందే అమ్మైనా పెట్టదు" అని ఇంటావిడ అడిగింది. ఆయన మాట్లాడలేదు. "మౌనం అర్ధాంగీకారం" కదా, సగం ఒప్పుకున్నట్టే. మిగతా సగం ఒప్పుకోలు బిల్లు కట్టే బల్ల దగ్గర జరిగింది. నిండు కుండ తొణకదని ఆయన్ని అందరూ మెచ్చుకున్నారు, పర్సు మాత్రం అప్పటికే ఖాళీ. "అప్పు చేసి పప్పు కూడు" తినొద్దని అంటారు గానీ, ఆ రోజుల్లో పప్పు తినడం దర్జా. 1959లో ఆ పేరుతో సినిమా తీసినప్పుడు జనం పగలబడి నవ్వుకున్నారు. ఇప్పుడు వాయిదాల మీద టీవీ కొని, అందులో ఆ సినిమాయే చూస్తూ నవ్వుకుంటున్నాం.

తిండి సంగతి వచ్చింది కాబట్టి ఇదీ వినండి. మృగశిర ప్రవేశించిన రోజు చేపల బజారులో ఇసుక వేస్తే రాలదు. ఆ రోజు చేప తింటే ఒంటికి మంచిదని నమ్మకం. హైదరాబాదులో నాంపల్లి మైదానంలో ఉబ్బసానికి కొర్రమీను పిల్లను మింగేవాళ్ళ బారులు వేరే. అలా తిని ఒళ్ళు బాగుచేసుకున్నామా, ఇంతలో తొలి ఏకాదశి వచ్చి "లంఖణం పరమౌషధం" అంటుంది. మందు తినడంలో ఉందా, మానడంలో ఉందా? మనం మధ్యే మార్గం పట్టాం. అన్నం ముట్టం. ఉప్మా, అరటిపళ్ళు, పాలు, బెల్లం కొట్టి కలిపిన పేలపిండి ఉండనే ఉన్నాయి. ఇంత బలమైన ఉపవాసం ఉన్నాక మర్నాడు ఆకలి వేయదు.

భాగ్యనగరంలో బోనాల సందడి ఎలాగూ ఉంది. గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు, లాల్ దర్వాజా, వీధి వీధినా. పోతరాజుల అడుగులు, డప్పులు, వేపమండలు, నెత్తిన బోనం మీద వెలిగే దీపం వానకి ఆరకుండా చెంగు అడ్డం పెట్టుకుని నడిచే ఆడపడుచులు. మర్నాడు రంగం. పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే వేళ భక్తులు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, వానలు ఎలా ఉంటాయి తల్లీ అని. వాన రాకడ ఎవరికీ తెలియదన్న వీధరుగు పెద్దాయన ఆ రోజు టీవీకి అందరికంటే దగ్గరగా కుర్చీ వేసుకుంటారు. సెల్లున్న మనవడు కూడా శబ్దం పెంచమంటాడు.

ఇక పెళ్ళిచూపుల వాళ్ళకి ఆషాఢంలో చేతి నిండా పనే. ముహూర్తాలు లేవు గానీ విచారణలకి అడ్డేముంది? "అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ చూడాలి" అని ఒక మేనత్త. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు" అని ఒక పెద్దనాన్న. ఏడు తరాల గురించి అడిగితే వెయ్యి అబద్ధాలు చాలవని మధ్యవర్తి గొణుగుడు. అబ్బాయి జీతం ఎంతన్నది ఒక తరానికి సంబంధించిన ప్రశ్నే అయినా, ఆ వెయ్యిలో సగం అక్కడే ఖర్చయిపోతాయి.

శ్రావణం దగ్గర పడుతోందని ఫంక్షన్ హాళ్ళ వాళ్ళకి ఎక్కడలేని ఉత్సాహం. మంచి ముహూర్తం నాలుగు రోజులకే ఉంటుంది, అడిగేవాళ్ళు నలభై మంది. మీ ఇంట్లో ఏదైనా ఉంటే ఇప్పుడే వెళ్ళి చూసుకోండి. మేనేజరుగారు డైరీ తెరిచి, పెన్ను మూత తీసి, "ఆలస్యం అమృతం విషం అన్నారండి, అడ్వాన్సు ఇవాళే కట్టేయండి, రేపటికి హాలు ఉంటుందని చెప్పలేను" అంటారు. కట్టేస్తాం. తరవాత ఏ కారణం చేతో తేదీ మారి, ఆ డబ్బు తిరిగి ఇవ్వమని వెళితే అదే మేనేజరు, అదే డైరీ మూసి, మనకి మంచినీళ్ళు తెప్పించి, ఫ్యాను వేగం పెంచి, "తొందరేముందండి, నిదానమే ప్రధానం" అంటారు.